ఎల్లలు దాటు పత్రములు



హనుమంతుడు సముద్రము దాటి, లంకలో అశోకవనమున సీతాదేవిని కనుగొనెను. కనుగొన్నంతమాత్రమున పని నెరవేరలేదు. ఆమె అతనిని నమ్మలేదు. సన్న్యాసి వేషమున వచ్చినవాడే తన్ను అపహరించుకొనిపోయెను గనుక, ఈ వచ్చినవాడును మారువేషము దాల్చిన రాక్షసుడేమో యని ఆమె శంకించెను. రామలక్ష్మణుల రూపలక్షణములను చెప్పుమని అడిగెను. హనుమంతుడు వానిని సవిస్తరముగా వర్ణించెను. పిమ్మట శ్రీరాముని పేరు చెక్కిన ఉంగరమును ఆమె చేతికిచ్చెను. ఆ ఉంగరమును చూచిన తరువాత సీతమ్మకు భర్తనే చూచినంత సంతోషము కలిగెను.

ఈ కథ మనకందరకును తెలిసినదే. నేటి ప్రసంగవిషయమునకు దీనితో పొత్తు కలదు. పరదేశమున ఒక మాట చెల్లవలెనన్న, చెప్పువాడు మంచివాడైన చాలదు. ఆ మాట ఎవరు పంపినదో తెలియజేయు గుర్తు ఉండవలెను. ఆ గుర్తును చూచువారు దానిని ఎరిగియుండవలెను. రాముని ఉంగరము సీతమ్మకు పరిచితమైనది కాబట్టి ఆ ముద్ర అచ్చట చెల్లినది. ఆ ఉంగరమునే లంకానగరపు ద్వారపాలకునకు చూపియుండినచో, అతనికి అది ఒక బంగారు తునుక మాత్రమే.

మన తహసీల్దారుగారి సంతకమునకు పరదేశమున పట్టు గతియు ఇట్టిదే. మండలములో ఆ సంతకమునకు ఎదురులేదు. జిల్లాలో దానిని అందరు ఎరుగుదురు. కాని ఒమానులోని న్యాయస్థానమునకో, కెనడాలోని విశ్వవిద్యాలయమునకో ఆ వంకరగీత యెవరిదో ఎట్లు తెలియును? ఆ గుండ్రని ముద్ర ప్రభుత్వము చేయించినదో, బజారులో రబ్బరు ముద్రలవాడు చేసియిచ్చినదో వారెట్లు నిర్ణయింపగలరు? ఈ సందేహమును తీర్చుటకై ఏర్పడిన పద్ధతినే అటెస్టేషన్ అనియు, అపోస్టిల్ అనియు నేడు వ్యవహరించుచున్నాము.

ఇట్టి సందేహము నూతనమైనది కాదు. వేంగీ చాళుక్యులు దానములిచ్చినప్పుడు రాగిరేకులపై శాసనము చెక్కించి, ఆ రేకులను ఒక కడియమునకు కూర్చి, కడియపు కొనలు కలిసినచోట రాజముద్రను అతికించెడివారు. ఆ ముద్రలపై వరాహము, సూర్యచంద్రులు, అంకుశము, 'శ్రీత్రిభువనాంకుశ' అను బిరుదము నేటికిని కానవచ్చుచున్నవి. ఒక రేకును తీసి మరియొక రేకును చేర్చవలెనన్న కడియమును తెంపవలెను. తెంపిన విషయము దాగదు. దొంగశాసనములను పుట్టించువారును ఆ కాలమున లేకపోలేదు. అట్టివారిని కఠినముగా దండింపవలెనని మనుస్మృతి విధించినది. కావున పత్రమును నమ్ముట ఎట్లు అను ప్రశ్న పత్రమంత ప్రాచీనమైనది.

ఇక నేటి పద్ధతి ఎట్టిదో చూతము. మొదట ఒక్క సంగతిని స్పష్టముగా గ్రహింపవలెను. అటెస్టేషన్ అనునది పత్రములోని విషయము నిజమని చెప్పునది కాదు. ఈ సంతకము ఫలానా అధికారిది, సంతకము చేసిన వేళ ఆయనకు ఆ హోదా కలదు, ఈ ముద్ర ఆ కార్యాలయముదే. ఈ మూడు విషయములు మాత్రమే అది చెప్పును. పట్టభద్రురాలికి వచ్చిన మార్కులు సరియైనవేనా, పుట్టినతేది సరిగా వ్రాసిరా అను వానితో దానికి ప్రసక్తి లేదు. తప్పుగా వ్రాసిన జనన ధ్రువపత్రమునకు సైతము సక్రమమైన అటెస్టేషన్ దొరకవచ్చును. ఆ తప్పు పరదేశమునకు పోయిన తరువాత బయటపడును. ఆ కష్టమును గూర్చి ముందు చెప్పెదను.

పూర్వపు పద్ధతి గొలుసువంటిది. విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారు సంతకమును రాష్ట్ర విద్యాశాఖ ఎరుగును. కాబట్టి ఆ శాఖాధికారి దానిపై తన సంతకము చేయును. ఆ అధికారి సంతకమును ఢిల్లీలోని విదేశాంగశాఖ ఎరుగును. అచ్చటివారు తమ ముద్ర వేయుదురు. విదేశాంగశాఖ ముద్రను ఢిల్లీలోనున్న పరదేశపు రాయబారి కార్యాలయము ఎరుగును. వారును తమ ముద్ర వేయుదురు. ఆ రాయబారి కార్యాలయపు ముద్రను వారి దేశములోని విదేశాంగశాఖ ఎరుగును. ఇట్లు ఒకరి మాటకు వేరొకరు సాక్ష్యము పలుకుచు పోగా, తుదకు పత్రము వీపున ఖాళీ లేకుండ ముద్రలు నిండును. ప్రతి ముద్రకు రుసుము. ప్రతి ముద్రకు నిరీక్షణ.

ఈ శ్రమను తగ్గించుటకై 1961వ సంవత్సరము అక్టోబరు 5వ తేదిన నెదర్లాండ్సులోని హేగ్ నగరమున ఒక అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. అది 1965 జనవరి 24వ తేదినుండి అమలులోనికి వచ్చినది. దాని సారాంశము సరళమైనది. ఒడంబడికలో చేరిన ప్రతి దేశమును ఒక అధికారస్థానమును నిర్ణయించి తక్కిన దేశములకు తెలుపవలెను. ఆ స్థానమువారు పత్రముపై ఒకే రీతి ధ్రువీకరణమును అంటింతురు. సభ్యత్వముగల తక్కిన దేశములన్నియు దానిని అంగీకరింపవలెను. రాయబారి కార్యాలయపు ముద్రతో పనిలేదు. ఆ ధ్రువీకరణమునకే అపోస్టిల్ అని పేరు. అది ఫ్రెంచి పదము. పత్రమునకు అంచున చేర్చిన వ్రాత అని దాని భావము.

అపోస్టిల్ స్వరూపమును సైతము ఒడంబడికయే నిర్దేశించినది. అది చతురస్రాకారమున, ప్రక్కకు 9 సెంటీమీటర్లకు తక్కువ కాకుండ ఉండవలెను. దాని శీర్షిక ఫ్రెంచి భాషలోనే ఉండవలెను. లోపల 10 అంకెలు వేసిన గడులుండును. పత్రము ఏ దేశముది, ఎవరు సంతకము చేసిరి, ఏ హోదాలో చేసిరి, ఎవరి ముద్ర కలదు అనునవి మొదటి నాలుగు. ధ్రువీకరించిన స్థలము, తేది, ధ్రువీకరించిన అధికారస్థానము, సంఖ్య, ముద్ర, సంతకము అనునవి తక్కిన ఆరు. భాష రానివాడును అంకెను పట్టుకొని ఏ గడిలో ఏమున్నదో గ్రహింపవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది ఎనిమిదవ గడిలోని సంఖ్య. ధ్రువీకరించిన స్థానమువారు ప్రతి అపోస్టిలును రిజిస్టరులో ఎక్కింపవలెను. సంబంధముగల వారెవరు అడిగినను, ఆ సంఖ్యగల అపోస్టిలు తాము ఇచ్చినదేనా కాదా యని సరిచూచి చెప్పవలెను. దొంగముద్రలకు ఇది గట్టి అడ్డుకట్ట.

మన దేశము ఈ ఒడంబడికలో చేరగా, 2005 జూలై 14వ తేదినుండి అది మనకు వర్తించినది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములతో మన వ్యవహారము ఈ రీతిని సాగుచున్నది. గల్ఫు దేశములలో ఒమాను 2012లోను, బహ్రెయిన్ 2013 చివరను, సౌదీ అరేబియా 2022 డిసెంబరులోను దీని పరిధిలోనికి వచ్చినవి. సింగపూరు 2021లోను, కెనడా 2024 జనవరిలోను వచ్చినవి. కెనడాకు తమ బిడ్డలను పంపిన తల్లిదండ్రులలో పాతపద్ధతినే పట్టుకొని తిరుగువారు ఇప్పటికిని నాకు తటస్థపడుచుందురు. వారు ఈ మార్పును గమనింపవలెను.

అయితే సంయుక్త అరబ్ ఎమిరేట్సు, కువైట్, ఖతర్ దేశములు ఈ ప్రసంగము వ్రాయునాటికి ఒడంబడికలో చేరియుండలేదు. దుబాయికి పోవువారికి పాతగొలుసే గతి. మన విదేశాంగశాఖవారు వానిపై సాధారణ అటెస్టేషన్ ముద్ర వేయుదురు. తరువాత ఆయా దేశపు రాయబారి కార్యాలయము ధ్రువీకరింపవలెను. అచ్చటికి పోయిన తరువాత వారి విదేశాంగశాఖ ముద్రయు పడవలెను. జర్మనీ సంగతి వేరు. అది ఒడంబడికలో ఉన్నదే గాని, మన దేశము చేరినప్పుడు అభ్యంతరము తెలిపినది. ఆ కారణమున ఆ రెండు దేశముల నడుమ ఒడంబడిక అమలులోనికి రాలేదు. ఒక దేశము చేరుట, ఒకటి అభ్యంతరమును ఉపసంహరించుకొనుట జరుగుచుండును గనుక, పత్రములు పంపుటకు ముందు ఆనాటి పట్టికను చూచుకొనుట మేలు.

మన పత్రములను సిద్ధపరచుకొను క్రమమును ఇప్పుడు చెప్పెదను. పత్రములు ముఖ్యముగా మూడు తరగతులు. పదవతరగతి, ఇంటర్మీడియటు, డిగ్రీ మొదలైనవి విద్యాపత్రములు. జనన, మరణ, వివాహ ధ్రువపత్రములు, అఫిడవిట్లు, ముక్త్యారునామాలు వ్యక్తిగత పత్రములు. వర్తక సంస్థలవి వాణిజ్య పత్రములు. విద్యాపత్రములను, అవి ఏ రాష్ట్రమున ఇయ్యబడినవో ఆ రాష్ట్రపు విద్యాశాఖ మొదట ధ్రువీకరింపవలెను. వ్యక్తిగత పత్రములను రాష్ట్ర హోంశాఖయో, సాధారణ పరిపాలన శాఖయో, లేక సబ్ డివిజనల్ మేజిస్ట్రేటో ధ్రువీకరింతురు. వాణిజ్య పత్రములను వర్తకమండలులు ధ్రువీకరించును. ఈ మొదటి మెట్టు దాటిన పిమ్మటనే విదేశాంగశాఖ చేయి వేయును.

ఏ రాష్ట్రమున ఇచ్చిరో ఆ రాష్ట్రముననే అను నియమమును మరువరాదు. బెంగుళూరులో ఇంజనీరింగు చదివిన నల్లగొండ యువకుడు హైదరాబాదులో ఎన్నిమారులు తిరిగినను ఫలము లేదు. అతని డిగ్రీకి కర్ణాటక ప్రభుత్వపు ధ్రువీకరణము కావలెను. కొన్ని దేశములవారు విద్యాపత్రములపై మేజిస్ట్రేటు ముద్ర చాలదనియు, విద్యాశాఖ ముద్రయే కావలెననియు పట్టుపట్టుదురు. గనుక పత్రము ఎక్కడకు పోవుచున్నదో, అచ్చట ఏమి కోరుదురో ముందు వ్రాతపూర్వకముగా తెలిసికొని, ఆ పిమ్మట మొదటి ముద్ర వేయించుకొనవలెను.

ఒకప్పుడు విదేశాంగశాఖ ముద్రకై ఢిల్లీ పోవలసి యుండెడిది. 2012 జూలై నుండి ఆ శాఖవారు వ్యక్తులనుండి నేరుగా పత్రములు స్వీకరించుట మాని, తాము నియమించిన సంస్థల ద్వారా స్వీకరించుచున్నారు. 2019 నుండి ఈ పనిని హైదరాబాదు మొదలైన నగరములలోని తమ కార్యాలయములకును పంచియిచ్చిరి. 2017లో ఈ-సనద్ అను పద్ధతి ఆరంభమైనది. పత్రమును జారీచేసిన సంస్థయొక్క లెక్కలు కంప్యూటరులో చేరియున్నచో, కార్యాలయములకు తిరుగకుండనే ధ్రువీకరణము పొందుటకు అది వీలు కల్పించుచున్నది. అన్ని సంస్థల లెక్కలు ఇంకను అందు చేరలేదు. చేరినంత మేరకు ప్రజలకు తిరుగుడు తగ్గినది.

ఇంతవరకు చెప్పినది మార్గము. ఈ మార్గమున కాలికి గుచ్చుకొను ముండ్లను గూర్చి చెప్పుటకు నా అనుభవమునుండి ఒక్క సంగతిని మనవిచేయుదును.

కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక జిల్లాస్థాయి కార్యాలయమున పత్రములను పరిశీలించు ఉద్యోగమున ఉంటిని. ఒకనాడు ఉత్తర తెలంగాణమునుండి ఒక స్త్రీ తన మరిదిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆమె బీడీలు చుట్టి జీవించునది. భర్త గల్ఫుదేశములో పనిచేయుచు అకస్మాత్తుగా మరణించెను. కంపెనీనుండి అతనికి రావలసిన సొమ్ము కొంత కలదు. దానిని రాబట్టుటకు వారసులు ముక్త్యారునామా పంపవలెను. వారసులు ఎవరో చూపు ధ్రువపత్రమును జతపరుపవలెను. రెండును అటెస్టేషన్ పొందవలెను. ఆమె ముక్త్యారునామా మాత్రము తెచ్చినది. వారసుల పత్రము లేదని చెప్పి నేను త్రిప్పి పంపితిని.

కొన్ని వారముల పిమ్మట ఆమె ఆ పత్రమును తెచ్చెను. ఈసారి నేను పేర్లు సరిచూచితిని. భర్త పాస్‌పోర్టులో భార్యపేరు లక్ష్మి. రేషను కార్డులో లచ్చవ్వ. ఆధార్ కార్డులో లక్ష్మవ్వ. ఈ ముగ్గురు ఒక్కరే యని అఫిడవిట్ కావలెనంటిని. ఆమె నావైపు చూచి, "సారూ, నాకు పేర్లు మూడున్నయి గని మనిషిని ఒక్కదాన్నే" అనెను. ఆ మాటకు నావద్ద ప్రత్యుత్తరము లేకపోయినది. అయినను నియమము నియమమే గనుక మరల త్రిప్పి పంపితిని.

మూడవమారు ఆమె అఫిడవిటుతో వచ్చెను. పాపము, అన్ని కాగితములును చెడిపోకుండ ఉండవలెనని మరిది ఊరిలోని జిరాక్సు దుకాణమున వారసుల పత్రమునకు ప్లాస్టికు పొర అతికించి తెచ్చెను. ఆ పొరపై ముద్ర నిలువదు, సిరా అంటదు. ఆ పత్రమును మరల తీసికొని రావలసి వచ్చెను. "ఈ సంగతి మొదటినాడే చెప్పరాదా సారూ" అని ఆ మరిది అడిగెను. అతని గొంతులో కోపము లేదు, అలసట మాత్రమే ఉన్నది. అతడు అడిగినది న్యాయమే. మొదటినాడు నేను మొదటి లోపమునే చూచితిని. దానిని చెప్పి కాగితము మూసితిని. తక్కిన లోపములను వెదకి ఒక్కసారిగా చెప్పియుండిన ఆమెకు రెండు ప్రయాణములు, రెండు దినముల కూలి, కొన్ని నెలల కాలము మిగిలియుండెడివి. ఆమెకు సొమ్ము అందుటకు పదకొండు నెలలు పట్టినది. ఆ లోపల ఆమె పెద్దకుమార్తె చదువు ఆగిపోయినదని తరువాత తెలిసినది.

ఆ దినమున నేను నియమమునకు విరుద్ధముగా ఏమియు చేయలేదు. అయినను ఆ తప్పు నాదే యని నేటికిని తలంచుచుందును. ఆ పిమ్మట కావలసిన పత్రములు, వానిలో సాధారణముగా ఉండు లోపములు తెలుగులో ఒక కాగితముపై వ్రాయించి, వచ్చిన ప్రతివారికిని మొదటినాడే ఇచ్చుచుంటిని. ఈ ప్రసంగమును వినుచున్నవారిలో అట్టి బల్లల వెనుక కూర్చుండు ఉద్యోగులున్నచో, ఈ చిన్న పనిని వారును చేయవలెనని నా మనవి.

ఇక లోపములను ఒక్కొక్కటిగా చూతము. మొదటిది పేరు. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. బడిలో ఇంటిపేరును ఒక్క అక్షరముతో సరిపుచ్చుదురు. పాస్‌పోర్టులో దానిని పూర్తిగా వ్రాయుదురు. పరదేశమున ఇంటిపేరు చివర రావలెనందురు. స్త్రీలకు వివాహానంతరము ఇంటిపేరు మారును. పదవతరగతి పత్రములో పుట్టినింటి పేరు, పాస్‌పోర్టులో మెట్టినింటి పేరు ఉండును. ఇది చాలక ఇంగ్లీషు లిపిలో ఒకే పేరును పలువిధములుగా వ్రాయుదురు. సీత అను పేరుకు ఒకచోట ఒక 'ఇ', వేరొకచోట రెండు 'ఇ'లు. మనకు అవన్నియు ఒక్క మనిషియే. పరదేశపు గుమాస్తాకు మాత్రము ఇద్దరు, ముగ్గురు మనుష్యులు. కావున ఇంటిలో బిడ్డకు బడిలో పేరు వ్రాయించునాడే, జనన ధ్రువపత్రములో ఉన్నదానిని ఎదుట పెట్టుకొని అక్షరము అక్షరము సరిచూచి వ్రాయింపవలెను. ఆనాడు పది నిమిషములు పట్టు పనికి, ఇరువదియేండ్ల తరువాత పది నెలలు పట్టును.

రెండవది నమోదు. మన దేశమున జనన మరణముల నమోదుకు 1969వ సంవత్సరపు చట్టము కలదు. అది 2023లో సవరింపబడినది. ఆ సవరణ ప్రకారము 2023 అక్టోబరు 1వ తేది మొదలుకొని పుట్టినవారికి, పుట్టిన తేదికిని స్థలమునకును జనన ధ్రువపత్రమే ముఖ్యాధారము. అంతకు ముందు పుట్టిన పెద్దలలో చాలమంది ఇంటనే పుట్టినవారు. వారి జననము ఏ రిజిస్టరులోను ఎక్కలేదు. ఏడాది గడచిన జననమును నమోదు చేయించుటకు మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. కుమారుని కడకు పోవుటకు విమానపు టిక్కెటు కొన్న తరువాత ఈ పనికి పూనుకొనుట ఆలస్యము. వివాహము సంగతియు ఇంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002లోనే వివాహముల నమోదును నిర్బంధము చేయుచు చట్టము వచ్చినది. శుభలేఖయు, ఫోటోల పుస్తకమును చూపిన పరదేశపు వీసా అధికారి తలయూపడు. నమోదైన ధ్రువపత్రమునే అడుగును.

మూడవది దళారులు. కార్యాలయముల ముంగిట, పత్రికా ప్రకటనలలో, ఒక్క దినములో అన్ని ముద్రలు వేయింతుమని చెప్పువారు కలరు. వారిలో నిజాయితీగా పనిచేయువారును ఉన్నారు. కాని మొదటి మెట్టులోని ముద్రను దొంగగా వేసి, పై మెట్టువారిని మోసపుచ్చు వారును ఉన్నారు. అట్టి పత్రము పరదేశమున పట్టుబడినప్పుడు శిక్ష దళారికి కాదు, పత్రము చూపినవానికి. ఉద్యోగము పోవును, చెరసాల తప్పకపోవచ్చును, మరల ఆ దేశమున అడుగు పెట్టనీయకపోవచ్చును. గనుక రసీదు లేనిచోట డబ్బు ఇయ్యరాదు. అపోస్టిలు చేతికి వచ్చిన తరువాత దానిపై సంఖ్యను సరిచూచుకొనవలెను. మూలపత్రమును మరియొకరి చేతికిచ్చునప్పుడు, దాని నకలును ఇంట ఉంచుకొనవలెను.

ఇప్పుడు వేరొక దిక్కుకు చూపు మరల్పుదము. మన పత్రములు పరదేశమునకు పోవునట్లే, పరదేశమునుండి మన దేశమునకు వచ్చు పత్రములును కలవు. వీనిలో ముఖ్యమైనది ముక్త్యారునామా. కుమారుడు అమెరికాలో ఉన్నాడు. గుంటూరులోని పొలమును అమ్మవలెను. తండ్రికి అధికారమిచ్చుచు పత్రము వ్రాయవలెను. మన 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషన్ చట్టము 33వ విభాగము ప్రకారము, పరదేశమున నివసించువాడు అట్టి పత్రమును నోటరీ యెదుటనో, న్యాయస్థానము లేక మేజిస్ట్రేటు ఎదుటనో, భారత కాన్సలు ఎదుటనో వ్రాసి ధ్రువీకరింప జేసికొనవలెను. వెనుకనే సంతకము చేసిన కాగితమును టపాలో పంపి, ఇచ్చట ఎవరిచేతనో నోటరీ చేయించిన అది చెల్లదు.

కాన్సలు కార్యాలయము దూరమైనవారు స్థానిక నోటరీ యెదుట సంతకము చేసి, ఆ దేశము హేగ్ ఒడంబడికలో ఉన్నచో దానికి అపోస్టిలు తీసికొనుట వాడుక. అమెరికాలో రాష్ట్రముల పత్రములకు ఆయా రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయము అపోస్టిలు ఇచ్చును. కేంద్రప్రభుత్వ పత్రములకు వాషింగ్టనులోని శాఖ ఇచ్చును. అచ్చట పుట్టిన మనుమల జనన ధ్రువపత్రమును ఇచ్చట చూపవలసివచ్చిన సందర్భములలోను ఇదే మార్గము.

పత్రము వచ్చిన పిమ్మట దానిని బీరువాలో పెట్టి మరువరాదు. 1899వ సంవత్సరపు స్టాంపు చట్టము ప్రకారము, దేశము వెలుపల వ్రాసిన పత్రము మన దేశమునకు మొదట చేరిన మూడు నెలలలోపల దానికి తగిన స్టాంపు సుంకము చెల్లింపవలెను. జిల్లా రిజిస్ట్రారు కార్యాలయమున ఆ పని జరుగును. పత్రము ఏనాడు చేరెనో చూపుటకు అది వచ్చిన కవరును భద్రపరచుకొనుట మంచిది. ఇంత చిన్న కవరు లేక పెద్ద తగవులు పడినవారు కలరు.

ముక్త్యారునామా వ్రాయువారికి వేరొక హెచ్చరిక. అది స్నేహలేఖ కాదు. ఒకనికి మన చేతిని అరువిచ్చుటయే. ఏ సర్వే నంబరు, ఎన్ని ఎకరములు, అమ్ముటకా, కౌలుకిచ్చుటకా, సొమ్ము తీసికొనుటకు అధికారము కలదా లేదా అనునది విడమరచి వ్రాయవలెను. అన్నదమ్ముల మధ్య ఒక్క మాట విడిచినందున తరములు పలకరింపులు లేకుండ పోయిన ఇండ్లను నేనెరుగుదును.

శ్రోతలారా, ఈ ప్రసంగమును విని ఇవన్నియు గుర్తుంచుకొనుట కష్టము. నాలుగు మాటలు మాత్రము గుర్తుంచుకొనుడు. పేరు అన్ని పత్రములలో ఒక్కటిగా ఉండనిండు. జనన, వివాహములను నమోదు చేయించుడు. మూలపత్రమునకు ప్లాస్టికు పొర వేయింపకుడు. పోవు దేశము ఏమి కోరునో ముందు తెలిసికొని, తరువాత కదలుడు. ఇవి ప్రయాణము నిశ్చయమైన నాడు చేయు పనులు కావు. ఇంటిలో అందరు ఆరోగ్యముగా ఉండి, ఎవరికిని తొందర లేని నాడు, ఒక ఆదివారము మధ్యాహ్నము పెట్టె తెరచి చేయవలసిన పనులు.

మొదట చెప్పిన కథకు కొసమాట ఒకటి ఉన్నది. హనుమంతుడు తిరిగి పోవునప్పుడు సీతమ్మ తన చూడామణిని ఆనవాలుగా ఇచ్చెను. దానితో తృప్తిపడక, తమ ఇద్దరికి మాత్రమే తెలిసిన కాకాసుర వృత్తాంతమును సైతము చెప్పి పంపెను. నగ అది ఎవరిదో తెలుపును; వృత్తాంతము అది నిజముగా ఆమెయే ఇచ్చినదని తెలుపును. ముద్రయు కావలెను, లోపలి సంగతియు సరిగా ఉండవలెను. ముద్రవేయుట కార్యాలయముల పని. లోపలి సంగతిని సరిచూచుకొనుట మన పని.

సెలవు.